బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైంది?

[తెరపై: వంటింట్లో స్టీలు బియ్యం డబ్బా. బస్తా వంచి పోస్తున్న చేతులు. డబ్బా అంచు దాకా నిండింది. బస్తా అడుగున ఇంకా బియ్యం ఉన్నాయి.]

మా ఇంట్లో బియ్యం డబ్బా సరిగ్గా 25 కిలోలు పడుతుంది. అమ్మ దాన్ని కొన్నదే ఆ లెక్కన. బస్తా తేవడం, వంచడం, మూత పెట్టడం, అంతే పని. 2022 తర్వాత ఆ లెక్క తప్పింది. డబ్బా నిండాక బస్తా అడుగున ఇంకో కిలో మిగులుతోంది. దానికో ప్లాస్టిక్ కవరు, కవరుకో రబ్బరు బ్యాండు, షెల్ఫులో ఇంకో చోటు.

మొదటిసారి అలా అయినప్పుడు అమ్మ కొట్లో అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, పాతిక కిలోల బస్తా లేదా?"

"లేదమ్మా, ఇప్పుడన్నీ ఇరవయ్యారే వస్తున్నాయి. పాతికైతే జీఎస్టీ పడుద్ది."

"కిలో ఎక్కువ తీసుకుంటే పన్ను పోద్దా?"

"పోద్దమ్మా."

అమ్మ నా వంక చూసింది. చదువుకున్నవాణ్ణి కదా, చెప్పు మరి అన్నట్టు. నాకూ తెలీదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వీడియో.

[తెరపై: నోటు పుస్తకంలో పెన్నుతో లెక్క]

ముందు లెక్క చూద్దాం. కిలో బియ్యం 50 రూపాయలు అనుకోండి. నిజం ధర కాదు, లెక్క సులువని తీసుకున్న అంకె. 25 కిలోల బస్తా 1,250. దాని మీద 5 శాతం జీఎస్టీ 62 రూపాయల 50 పైసలు. మొత్తం 1,312.50. ఇప్పుడు 26 కిలోలు తీసుకోండి. పన్ను లేదు. 26 యాభైలు 1,300. కిలో ఎక్కువొచ్చింది, పన్నెండున్నర రూపాయలు తగ్గింది.

బియ్యం ధర ఎంతున్నా ఇదే జరుగుతుంది. 25 మీద ఒక కిలో అంటే 4 శాతం. పన్ను 5 శాతం. అదే 27 కిలోలు పోస్తే 8 శాతం అవుతుంది, కొనేవాడికి బస్తా ఖర్చు పన్ను కన్నా ఎక్కువ పెరుగుతుంది. అందుకే మిల్లరు 26 దగ్గర ఆగాడు. ఇంత శుద్ధమైన లెక్క నేను బళ్లో కూడా చేయలేదు.

మరి ఈ 25 అనే గీత ఎవరు గీశారు? దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

[తెరపై: 2017 జులై 1, అర్ధరాత్రి, పార్లమెంటు సెంట్రల్ హాలు]

జీఎస్టీ మొదలైన రోజు విడి బియ్యానికి పన్ను లేదు. రిజిస్టరు చేసిన బ్రాండు పేరుతో సంచిలో అమ్మితేనే 5 శాతం. కలిగినవాళ్లు బ్రాండ్లు కొంటారు, మిగతావాళ్లు విడిగా కొంటారు అని దాని వెనక ఆలోచన. కాగితం మీద బాగానే ఉంది.

వ్యాపారులు ఏం చేశారు? బ్రాండు రిజిస్ట్రేషన్ వదులుకోవడం మొదలుపెట్టారు. అదే బొమ్మ, అదే పేరు, అదే బస్తా, కాకపోతే రిజిస్ట్రేషన్ లేదు. ప్రభుత్వం కొన్ని నెలల్లోనే ఇంకో మెలిక పెట్టింది. రిజిస్ట్రేషన్ లేకపోయినా, ఆ పేరు ఇంకొకరు వాడుకుంటే కోర్టుకెళ్లే హక్కు నీకుంటే పన్ను కట్టాల్సిందే. వద్దంటే ఆ హక్కును వదులుకుంటున్నానని రాసివ్వు, ఆ మాట సంచి మీద కూడా అచ్చు వేయించు. చాలామంది వేయించారు! తాతల నాటి పేరును పెద్ద అక్షరాల్లో వేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'ఈ పేరు మీద మాకు హక్కు లేదు' అన్న అర్థం వచ్చే వాక్యం. బియ్యం సంచి మీద అలాంటిది చదవాల్సి వస్తుందని ఎవరనుకున్నారు.

రాబడి పడిపోయింది. పేరున్న కంపెనీలే ఈ మినహాయింపును దుర్వినియోగం చేస్తున్నాయని కేంద్రం అంది.

[తెరపై: చండీగఢ్, 2022 జూన్ 28, 29]

జీఎస్టీ కౌన్సిల్ 47వ సమావేశం అక్కడ జరిగింది. బ్రాండు గొడవ పక్కన పెట్టేశారు. పేరుతో పని లేదు, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేస్తే చాలు, 5 శాతం. బియ్యం, గోధుమలు, పిండి, పప్పులు, బెల్లం, పెరుగు, మజ్జిగ, లస్సీ, పనీరు, చివరికి మరమరాలు కూడా. జులై 18 నుంచి అమలు. కొట్లో మన కళ్ల ముందు కాటా వేసి ఇస్తే మాత్రం పన్ను లేదు. పాలకు కూడా లేదు.

లేబుల్ ఎప్పుడు వేయాలో తూనికలు కొలతల చట్టం చెబుతుంది. ఆ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో 25 కిలోల కన్నా ఎక్కువున్న సంచికి చిల్లర ప్యాకెట్టు నిబంధనలు వర్తించవు. అంత పెద్ద సంచి ఎవరో వ్యాపారి కొంటాడని వాళ్ల ఊహ. జీఎస్టీ వాళ్లు ఆ నిర్వచనాన్నే తెచ్చుకున్నారు. దాంతోపాటు ఆ 25 కూడా వచ్చింది.

నాకు ఇందులో అసలు తమాషా ఇక్కడే కనిపిస్తుంది. ఐదు కిలోలు, పది కిలోల పిండి ప్యాకెట్టు కొనే ఇళ్లను తలుచుకుని రాస్తే, 25 కిలోలు దాటింది హోల్‌సేలే. తెలుగిళ్లలో అది ఒక నెల తిండి. నలుగురున్న ఇంట్లో ఇడ్లీలకూ దోసెలకూ నానబోసేవి కూడా కలిపితే నెల తిరక్కుండానే బస్తా అయిపోతుంది. వాళ్లు హోల్‌సేలని వదిలేసిన చోట మన వంటిల్లు ఉంది. మిర్యాలగూడ మిల్లరుకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పోనీ ఒక పెద్ద గోనెలో పది ప్యాకెట్లు పెట్టి అమ్మితే? ఆ పప్పులుడకవు. లోపలి ప్యాకెట్లు 25 కిలోల లోపువైతే పన్ను పడుతుందని అధికారులు అప్పుడే ప్రశ్నలు జవాబుల రూపంలో తేల్చి చెప్పేశారు. ఒకే సంచి, ఒకే తూకం, 25 దాటాలి.

[తెరపై: పార్లమెంటు ఆవరణ, గాంధీ విగ్రహం దగ్గర ప్లకార్డులు]

ఇక జనం సంగతి. ఐదు శాతానికే ఇంత గొడవా అని అప్పట్లో కొందరన్నారు. ఆ నెల ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతం, ఎనిమిదేళ్లలో అదే ఎక్కువ. జులై 6న గ్యాస్ బండ మీద ఇంకో యాభై పెంచితే హైదరాబాద్‌లో ధర 1,105 రూపాయలైంది. నూనె ప్యాకెట్టు సంగతి చెప్పక్కర్లేదు. దాని మీద వచ్చి పడింది పెరుగు పన్ను. అప్పటికే బరువు మోస్తున్నవాడి నెత్తిన ఇంకో మూట పెడితే వాడు ఆ ఒక్క మూట బరువే చూడడు కదా.

జులై 16న దేశంలో చాలాచోట్ల ధాన్యం మార్కెట్లు, మిల్లులు బంద్ చేశాయి. పన్ను అమల్లోకి వచ్చిన 18వ తేదీనే పార్లమెంటు వర్షాకాల సమావేశాలు మొదలయ్యాయి, మొదలైన రోజు నుంచే రగడ. 26న రాజ్యసభలో ఒకేసారి 19 మందిని సస్పెండ్ చేశారు, వాళ్లలో ముగ్గురు టీఆర్ఎస్ సభ్యులు. ఆగస్టు 1న లోక్‌సభలో ధరల మీద చర్చ పెడితే తృణమూల్ సభ్యురాలు కాకోలీ ఘోష్ దస్తీదార్ పచ్చి వంకాయ కొరికి చూపించారు. గ్యాస్ ఈ ధరకు అమ్మితే ఇక పచ్చివే తినాలా అని. ఆ చర్చలో మిగతాది నాకు పెద్దగా గుర్తు లేదు, వంకాయ మాత్రం ఉంది.

ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అంతకు ముందే, జులై 19న, వరసగా 14 ట్వీట్లు పెట్టారు. తిండిగింజల మీద పన్ను కొత్తది కాదు, జీఎస్టీకి ముందు రాష్ట్రాలు వసూలు చేసినవే, పంజాబ్ ఒక్కటే కొనుగోలు పన్ను రూపంలో 2,000 కోట్లకు పైగా తీసుకుంది అని. అందులో తప్పు లేదు. కౌన్సిల్‌లో రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నాయని కూడా అన్నారు. మేమెక్కడ ఒప్పుకున్నామని కేరళ లాంటి రాష్ట్రాలన్నాయి.

ఇక్కడ ఒక్క మాట. కౌన్సిల్‌లో ఓటింగ్ జరిగితే కేంద్రానికి మూడో వంతు బలం, రాష్ట్రాలన్నిటికీ కలిపి మిగతా రెండు వంతులు. నిర్ణయం గెలవాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. కేంద్రం ఒక్కటే ఏదీ చేయలేదు, కేంద్రాన్ని కాదని రాష్ట్రాలూ చేయలేవు. కానీ ఓటింగ్ దాకా వెళ్లింది ఎన్నిసార్లు? చండీగఢ్ నాటికి ఒక్కసారే, 2019 డిసెంబరులో, లాటరీ టికెట్ల మీద. బియ్యం మీద కాదు, లాటరీ మీద. అందుకే పన్ను ఎవరు వేశారని అడిగితే కేంద్రం రాష్ట్రాల వైపు చూపిస్తుంది, రాష్ట్రాలు కేంద్రం వైపు చూపిస్తాయి. మధ్యలో మా కొట్టతను.

[తెరపై: ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్టు]

బియ్యం దారి వెతుక్కుంది. పెరుగుకు ఆ దారి లేదు. 26 కిలోల పెరుగు ఎవరు కొంటారు, పెళ్లివాళ్లు తప్ప? తోడు పెట్టుకునే ఓపిక ఉన్న ఇల్లు తప్పించుకుంది, ఎందుకంటే పాలకు పన్ను లేదు. ఓపిక లేనివాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే వాళ్లు, గదుల్లో ఉండే కుర్రాళ్లు కట్టారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు భారీగా మార్చినప్పుడు సబ్బు, షాంపూ 18 నుంచి 5కి దిగాయి, ప్యాకెట్టు పనీరుకు పన్నే తీసేశారు. ప్యాకెట్టు పెరుగు 5 శాతంలోనే ఉండిపోయింది. పనీరు కన్నా పెరుగే ఎక్కువ తినే మనకు ఆ సరదా ఏంటో అర్థం కాదు.

ఈ గీతల వల్ల వచ్చే చిక్కులు బియ్యంతో ఆగలేదు. 2024లో కోయంబత్తూరులో ఒక హోటల్ యజమాని ఆర్థిక మంత్రి ముందే చెప్పాడు. బన్నుకు పన్ను లేదు, అందులో క్రీమ్ పెడితే 18 శాతం, జనం రెండూ విడివిడిగా ఇవ్వమంటున్నారు, నేనే పెట్టుకుంటానంటున్నారు అని. హాలంతా నవ్వారు. ఆ తర్వాత ఆయన క్షమాపణ చెబుతున్న వీడియో బయటికొచ్చి అదో పెద్ద రభస. అదే ఏడాది డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో ఉప్పు పాప్‌కార్న్‌కు ఒక రేటు, పంచదార పాకం పట్టిన పాప్‌కార్న్‌కు ఇంకో రేటు అని వివరించారు. మీమ్స్ వారం రోజులు ఆడాయి.

ఆ జైసల్మేర్ సమావేశంలోనే ఇంకోటి జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ప్యాక్ చేసిన సరుకు అంటే చిల్లర అమ్మకానికి ఉద్దేశించింది, 25 కిలోలు లేదా 25 లీటర్లు మించనిది అని నిర్వచనాన్ని స్పష్టంగా మార్చాలని కౌన్సిల్ సిఫారసు చేసింది. తూనికలు కొలతల నిబంధనల్లో 25 కిలోల పరిమితి ఎత్తేయాలనే ప్రతిపాదన అదే ఏడాది వచ్చింది. అది ఎత్తేస్తే 26 కిలోల బస్తా కథ ముగిసేది. ఈ నిర్వచనంతో బస్తా బతికిపోయింది. అంటే 26 కిలోల సంగతి ఢిల్లీకి తెలుసు. తెలిసే వదిలేశారు.

[తెరపై: లారీలోంచి బస్తాలు దించుతున్న హమాలీలు]

అయితే పన్ను లేని బస్తాలో పన్ను లేదనుకోకండి. బియ్యం పోసిన ఆ ప్లాస్టిక్ సంచి మీద 18 శాతం జీఎస్టీ. మామూలుగా అయితే మిల్లరు తాను కట్టిన ఆ పన్నును తన పన్నులో తగ్గించుకుంటాడు. 26 కిలోల బస్తా మీద అతను పన్నే కట్టడు కాబట్టి తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు, అది బియ్యం ధరలో కలిసిపోతుంది. సంచి వరకు అది కొద్దిగానే. లారీ డీజిల్ ఉందిగా, అది జీఎస్టీలోనే లేదు. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం. ఆంధ్రలో 22.25 శాతం, పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కేంద్రం ఎక్సైజు వేరే. మనం తినే బియ్యంలో బీపీటీ అంటే బాపట్లలో పుట్టిన రకం. అదే బాపట్ల పక్క పొలంలో పండినా సరే, మన ఇంటికొచ్చేసరికి ఇవన్నీ దాటి రావాల్సిందే.

మరి 5 శాతం కడుతున్నదెవరు? ఒకేసారి 1,300 తీసి కౌంటర్ మీద పెట్టగలిగినవాడు కట్టడం లేదు. అసలు పేదవాడు రేషను బియ్యం మీద, విడి బియ్యం మీద బతుకుతున్నాడు, అతనూ కట్టడం లేదు. కడుతున్నది ఐదు కిలోలు, పది కిలోల ప్యాకెట్టు కొనేవాడు. అద్దె గదిలో బస్తాకు చోటు లేనివాడు, నెలాఖరులో బస్తాకు డబ్బు లేనివాడు, లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు బస్తా మోయలేని ముసలాయన. బ్రాండు కొనే కలిగినవాడి మీద వేద్దామని బయలుదేరిన పన్ను వీళ్ల దగ్గరికొచ్చి ఆగింది. మిల్లరు తెలివితేటలు నాకు ముచ్చటగానే అనిపిస్తాయి, కానీ ఈ ఒక్క చోట నాకు నవ్వు రాదు.

మా తమ్ముడు వాళ్లలో ఒకడు. అమీర్‌పేటలో ముగ్గురు కలిసి గది తీసుకున్నారు, వంట వాళ్లే చేసుకుంటారు. ఐదు కిలోల ప్యాకెట్టు కొని బిల్లు ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాడు. అమ్మ అది పెద్దది చేసి చూసింది, 5 శాతం అన్న గీత మీద వేలు పెట్టింది.

[తెరపై: మళ్లీ వంటిల్లు. డబ్బా మూత తీసి ఉంది. పక్కన పాత కాటా, గుడ్డ సంచి.]

ఇప్పుడు కొత్త బస్తా రాగానే అమ్మ డబ్బాలో పోయకముందే ఐదు కిలోలు తూచి పక్కన పెడుతోంది. గుడ్డ సంచిలో పోసి, మూతి కుట్టి, హైదరాబాద్ బస్సెక్కే ఎవరో ఒకరి చేతికిస్తుంది. మిగిలిన 21 కిలోలు డబ్బాలో హాయిగా పడుతున్నాయి, మూత కూడా సరిగ్గా పడుతోంది.