కోకోపీట్‌లో లేత ఇండోర్ మొక్కలు: ఏ నీళ్లు, ఎంత ఎరువు?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: ఉద్యాన నిపుణుడు, నర్సరీ నిర్వాహకురాలు, నీటి శుద్ధి ఇంజనీరు)

యాంకర్: నమస్కారం. ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మంచి మట్టి దొరకదు, దొరికినా నాలుగో అంతస్తుకు మోయడం కష్టం. అందుకే చాలామంది కొబ్బరి పొట్టుతో చేసిన కోకోపీట్ ఇటుక కొని, నానబెట్టి, మొక్క పెట్టేస్తున్నారు. మొదటి నెల బాగానే ఉంటోంది. ఆ తర్వాత కొత్త ఆకులు ముడుచుకుని వస్తున్నాయి. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అని అందరూ అడుగుతున్నారు. చెప్పండి సార్.

ఉద్యాన నిపుణుడు: చాలాసార్లు ఆ రెండూ కాదండి, ఆకలి. మట్టిలో ఎంతోకొంత పోషకం ఉంటుంది. కొబ్బరి పొట్టులో ఉండేది ముఖ్యంగా పొటాషియం, సోడియం, క్లోరైడ్. పైగా పొట్టు రేణువుల మీద రుణావేశం ఉండే చోట్లు ఉంటాయి, వాటిని పొటాషియం, సోడియం ఆక్రమించుకుని కూర్చుంటాయి. మీరు కాల్షియం, మెగ్నీషియం పోయగానే పొట్టు వాటిని తను పట్టుకుని, సోడియం, పొటాషియాన్ని నీళ్లలోకి వదులుతుంది. మొక్కకు పోసింది పొట్టు తినేస్తుందన్నమాట. కాల్షియం ఆకు నుంచి ఆకుకు కదలదు కాబట్టి లోపం ముందు లేత ఆకుల్లోనే కనిపిస్తుంది: ముడత, అంచు మాడడం, చిగురు చచ్చిపోవడం.

యాంకర్: అంటే మొక్క పెట్టకముందే పొట్టుకు ఏదో చేయాలి.

నర్సరీ నిర్వాహకురాలు: చేయాలి. 650 గ్రాముల ఇటుక లెక్కలో చెప్తాను. ఒక టబ్బులో 4, 5 లీటర్ల నీళ్లు పోసి ఇటుకను విడదీస్తే 8, 9 లీటర్ల పొట్టు అవుతుంది. దాన్ని పాత నూలు చీర ముక్కలో వేసి పిండండి. మళ్లీ నీళ్లు పోసి మళ్లీ పిండండి. టీ డికాక్షన్‌లా వచ్చే రంగు బాగా తగ్గేదాకా రెండు మూడుసార్లు చేస్తే ఉప్పు చాలావరకు పోతుంది. ఇది సగం పనే. తర్వాత 5 లీటర్ల మంచి నీళ్లలో 10 నుంచి 15 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి, పొట్టును రాత్రంతా అందులో నానబెట్టాలి. పొద్దున పిండేసి, ఒక్కసారి మామూలు నీళ్లతో కడిగి వాడుకోవచ్చు. ప్యాకెట్ మీద ‘వాష్డ్’ అని రాసి ఉంటే ఉప్పు కడిగారని మాత్రమే అర్థం. ఈ కాల్షియం పని చేశారని కాదు. ‘బఫర్డ్’ అని ఉంటేనే చేసినట్టు.

ఉద్యాన నిపుణుడు: ఈసీ అంటే నీళ్లలో ఉప్పు ఎంత కరిగి ఉందో చెప్పే కొలత, మిల్లీసీమెన్స్/సెం.మీ.లో. ‘లో ఈసీ’ అని అమ్మే పొట్టు ఈసీ 0.5 లోపు ఉండాలి. ఇంట్లో చూసుకోవాలంటే, చివరిసారి పిండిన నీళ్లలో ఈసీ మీటరు పెట్టి, మీరు పోసిన నీళ్ల ఈసీతో పోల్చండి. తేడా ఇంకా ఎక్కువగా ఉంటే మరోసారి కడగాలి.

యాంకర్: ఇక నీళ్లు. రోజూ పోయాలా, రెండు రోజులకోసారా?

నర్సరీ నిర్వాహకురాలు: రోజుల లెక్క వదిలేయండి మేడమ్. కోకోపీట్ పైన లేత గోధుమ రంగులో ఎండినట్టు కనిపిస్తుంది, అడుగున తడి అలాగే ఉంటుంది. వేలు పెట్టి చూసినా పైన అంగుళం సంగతే తెలుస్తుంది. వంటింటి కాటా వాడండి. 4 అంగుళాల కుండీని నిండా తడిపి, నీళ్లు జారిపోయాక తూయండి. 320 గ్రాములు వచ్చిందనుకోండి, ఆ అంకెను కుండీ మీద రాసి పెట్టుకోండి. 220కి దిగినప్పుడు మళ్లీ పోయండి. 100 గ్రాములు తగ్గితే 120 మిల్లీలీటర్లు పోయాలి. ఆ అదనపు 20 అడుగు రంధ్రాల్లోంచి బయటికి రావాలి. అయిదారుసార్లు తూచాక చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది, కాటా అక్కర్లేదు.

ఉద్యాన నిపుణుడు: కారిపోయే ఆ 15, 20 శాతం వృథా అనుకోకండి. మిగిలిన ఉప్పును బయటికి తోసేది అదే. పళ్లెంలో పడిన నీళ్లను పారబోయాలి, అరగంటకు మించి ఉంచితే కుండీ మళ్లీ పీల్చేసుకుంటుంది. కింద పళ్లెంలోంచి మాత్రమే తాగించేవాళ్ల కుండీల్లో ఉప్పంతా పైకి చేరి తెల్లటి పొరలా పేరుకుంటుంది. కాండం మొదలు కాలేది అక్కడే.

యాంకర్: కుండీ పెద్దదైతే మొక్క త్వరగా పెరుగుతుందని కొందరు 10 అంగుళాల కుండీలో చిన్న మొక్క పెడతారు.

నర్సరీ నిర్వాహకురాలు: వేరు లేని చోట నీళ్లు ఎవరు తాగుతారు? అలాగే నిలిచి కుళ్లు వస్తుంది. లేత మొక్కకు 3, 4 అంగుళాల కుండీ చాలు, అది వేళ్లతో నిండాక 6 అంగుళాలకు మార్చాలి. 7 పాళ్ల పొట్టుకు 3 పాళ్ల పెర్లైట్, అంటే గాలి ఆడనిచ్చే తేలికైన తెల్ల గుళికలు, కలపండి. ఇంకో సంగతి. ఎర్రమట్టి గడ్డతో వచ్చిన నర్సరీ మొక్కను ఆ గడ్డతో సహా కోకోపీట్‌లో దించేస్తే మట్టి ఒకలా, పొట్టు ఒకలా ఆరుతాయి. చుట్టూ పొట్టు తడిగా ఉన్నా మధ్యలో మట్టి గడ్డ రాయిలా ఎండిపోయి ఉండొచ్చు. మట్టిని మెల్లగా కడిగేసి పెట్టడమే మంచిది.

యాంకర్: ఎరువు కొలతలు చెప్పండి సార్, ప్రేక్షకులు రాసుకుంటారు.

ఉద్యాన నిపుణుడు: 10 లీటర్ల ఆర్‌ఓ నీళ్లకు కాల్షియం నైట్రేట్ 5 గ్రాములు, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు మూడు గ్రాములు, ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్, 2 గ్రాములు, చిలేటెడ్ ఐరన్, అంటే మొక్కకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము, 0.2 గ్రాములు. ఒక్కోదాన్ని విడిగా మగ్గు నీళ్లలో కరిగించి, ఒకదాని తర్వాత ఒకటి బకెట్‌లో పోసి కలపాలి. పొడులన్నీ ఒకే గ్లాసులో వేస్తే కాల్షియం పోయి సల్ఫేట్‌ను, ఫాస్ఫేట్‌ను పట్టుకుని తెల్లటి మడ్డిగా అడుగున దిగుతుంది. అది ఇక మొక్కకు అందదు. ఈ ద్రవం ఈసీ సుమారు 1 ఉంటుంది. అప్పుడే వేళ్లు పట్టిన కొమ్మలకు, రెండు మూడు ఆకుల నారుకు ఇందులో సగం, 0.5 చాలు. పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణం కొలత, 5.8 నుంచి 6.2 మధ్య ఉండాలి.

యాంకర్: 19-19-19 ఒక్కటే వేస్తే సరిపోదా? అందరి దగ్గరా అదే ఉంటుంది.

ఉద్యాన నిపుణుడు: సరిపోదు. అందులో కాల్షియమే లేదు. రెండోది, మన దగ్గర దొరికే 19-19-19లో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియా అయాన్లుగా విడిపోదు కాబట్టి ఈసీ మీటరుకు కనిపించదు. మీటరు తక్కువ చూపిస్తోందని ఇంకో చెంచా వేస్తారు. పైగా యూరియాను మార్చి మొక్కకు అందించే సూక్ష్మజీవులు కొత్త పొట్టులో తక్కువ. అందుకే దాన్ని 10 లీటర్లకు 3 గ్రాముల దగ్గరే ఆపేయమంటాను. ఏ, బీ అని రెండు సీసాల్లో వచ్చే హైడ్రోపోనిక్ (మట్టి లేని సాగు) ఎరువు దొరికితే ఇంకా నయం. ఏ పోసి కలిపాకే బీ పోయాలి.

నర్సరీ నిర్వాహకురాలు: ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది సార్. కిటికీకి దూరంగా పెట్టిన మనీప్లాంట్‌కు, ఆగ్లోనీమాకు ప్రతిసారీ ఈ మందునీళ్లు పోయమంటే జనం పోయరు. పోసినా వెలుగు తక్కువ కాబట్టి మొక్క వాడుకోదు, మిగిలిపోతుంది. నేను రెండుసార్లు ఎరువు నీళ్లు, మూడోసారి ఉత్త నీళ్లు అని చెప్తాను.

ఉద్యాన నిపుణుడు: వెలుగు తక్కువైతే గాఢత తగ్గించండి మేడమ్, ఎరువు మానేయొద్దు. 0.5 ఈసీతో ప్రతిసారీ పోయడం, 1 ఈసీతో అప్పుడప్పుడు పోయడం, ఈ రెండింట్లో లేత వేరుకు మొదటిదే హాయి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోస్తే పొట్టు మీద కష్టపడి నింపిన కాల్షియం కూడా మెల్లగా కొట్టుకుపోతుంది.

నర్సరీ నిర్వాహకురాలు: ఆర్‌ఓ అయితే ఒప్పుకుంటాను. నల్లా నీళ్లలో కాల్షియం ఎలాగూ ఉంటుంది కదా, నేను చెప్పేది ఆ నీళ్ల సంగతి.

నీటి శుద్ధి ఇంజనీరు: ఏ నీళ్లో తెలియకుండా ఈ వాదన తేలదండి. మన నగరంలో ఒకే సంపులో జలమండలి నీళ్లు, బోరు, వేసవిలో ట్యాంకరు కలుస్తాయి. జనవరిలో కొలిచిన అంకె మేలో పనికిరాదు. నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ పెన్ను కొనేవాళ్లు ఒకటి గమనించాలి. కొన్ని ఈసీ 1ని 500 అని చూపిస్తాయి, కొన్ని 700 అని. డబ్బా మీద ఏ స్కేలో చూసుకోండి. బోరు నీళ్లు 800 ఉంటే ఒక పాలు బోరుకు మూడు పాళ్లు ఆర్‌ఓ కలపండి, 230 దగ్గరికి వస్తుంది. అప్పుడు కాల్షియం నైట్రేట్ 5 బదులు 3 గ్రాములు చాలు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లను మాత్రం ఈ కుండీల్లో పోయకండి. వడపోతలో ఆగిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

యాంకర్: ఉప్పల్ నుంచి ఫోన్‌లో ఒకరు ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు (ఫోన్‌లో): నమస్తే మేడమ్. మా అపార్ట్‌మెంట్‌ల సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. నీళ్లు మంచిగనే ఉన్నయ్, గీజర్ల సున్నం కూడ పడతలేదు. గానీ స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడిపోతున్నయ్. సార్ చెప్పినట్టు కాల్షియం కూడ ఏసిన. ఏం ఫరక్ లేదు.

నీటి శుద్ధి ఇంజనీరు: మీ ఇంట్లో సబ్బు నురగ బాగా రావడానికీ, మొక్క మాడడానికీ కారణం ఒకటేనండి. సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులుగా సోడియం వదులుతుంది. వాచ్‌మన్ ట్యాంకులో వేసే ఉప్పు బస్తాలు అందుకే. టీడీఎస్ దాదాపు మారదు, నీళ్లు బాగున్నట్టే అనిపిస్తాయి. సార్ ఇందాక చెప్పిన సోడియం తిష్ట ఉంది కదా, అక్కడికి మీరు ప్రతిసారీ కొత్త సోడియం పంపిస్తున్నారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు కూడా. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా రెండూ ఫ్లోరైడ్‌కు త్వరగా మాడతాయి. ఆర్‌ఓ నీళ్లకు మారండి. సాఫ్ట్‌నర్ తర్వాత ఆర్‌ఓ ఉన్నా పర్వాలేదు, సోడియం చాలావరకు ఆగిపోతుంది.

ఉద్యాన నిపుణుడు: పాత పొట్టును అలాగే వదలకండి. కుండీ పరిమాణానికి మూడు రెట్లు, అంటే 4 అంగుళాల కుండీకి లీటరున్నర దాకా, ఆర్‌ఓ నీళ్లతో కలిపిన 0.5 ఈసీ ఎరువు ద్రవం మెల్లగా పోసి కారనివ్వండి. ఉత్త నీళ్లతో కడిగితే ఉప్పుతోపాటు కాల్షియమూ పోతుంది. చివర కారిన నీళ్ల ఈసీ మీరు పోసినదాని దగ్గరికి వస్తే చాలు. మామూలు రోజుల్లో కూడా రెండు వారాలకోసారి కారిన నీళ్లను కొలవండి. పోసినదాని కంటే 0.5 పైగా ఎక్కువ ఉంటే ఇదే పని చేయాలి. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, కొత్త ఆకులను చూసి నిర్ణయించుకోండి. మీ మొక్కకు ఫ్లోరైడ్ అనుమానం ఉంది కాబట్టి పీహెచ్ 6 కంటే కిందికి పోనివ్వకండి, ఆమ్లం ఎక్కువైతే ఫ్లోరైడ్ ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది.

యాంకర్: బోరు నీళ్లతో పీహెచ్ పెరిగిపోతే?

నీటి శుద్ధి ఇంజనీరు: బైకార్బొనేట్ల వల్ల పెరుగుతుంది. కొత్త ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా, వాటి మధ్యభాగం పసుపుగా వస్తే ఐరన్ అందడం లేదని. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు 10 లీటర్లకు అర గ్రాముతో మొదలుపెట్టి, పీహెచ్ చూసుకుంటూ పెంచండి. సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి కాబట్టి ఏ రోజు కలిపిన నీళ్లు ఆ రోజే వాడాలి.

యాంకర్: బియ్యం కడిగిన నీళ్లు, అరటి తొక్కల నీళ్లు పోస్తున్నామని చాలామంది అంటారు...

నర్సరీ నిర్వాహకురాలు: పెరట్లో జామ చెట్టుకు పోసుకోండి. ఇంట్లో కుండీకి బియ్యం నీళ్లు పోస్తే పులిసిన వాసన, చిన్న నల్ల ఈగలు. వాటి పురుగులు లేత వేళ్లను కొరికేస్తాయి. పైన రెండు సెంటీమీటర్లు ఆరనిచ్చి, పసుపు రంగు జిగురు అట్టలు పెడితే తగ్గుతాయి.

ఉద్యాన నిపుణుడు: అరటి తొక్క నీళ్లలో ప్రధానంగా వచ్చేది పొటాషియం. కోకోపీట్‌లో అసలే ఎక్కువగా ఉన్నది అదే. ఇంకా పోస్తే మెగ్నీషియం అందక ముదురు ఆకులు ఈనెల మధ్య పసుపు తిరుగుతాయి.

యాంకర్: ఆఖరి ప్రశ్న, వాట్సాప్‌లో వచ్చింది. దసరాకు వారం పది రోజులు ఊరెళ్తే ఎలా?

నర్సరీ నిర్వాహకురాలు: కుండీని కిటికీ నుంచి ఓ మీటరు లోపలికి జరపండి, ఏసీ గాలి, ఫ్యాను గాలి తగలని చోట. లావుపాటి నూలు వత్తి ఒక కొస అడుగు రంధ్రంలోంచి పొట్టులోకి రెండు అంగుళాలు దూర్చి, రెండో కొస కింద డబ్బాలో వేలాడేయండి. 4 అంగుళాల కుండీకి లీటరు డబ్బా సరిపోతుంది. మొక్కను ముందే పైనుంచి నిండా తడిపి పెట్టాలి, పొడి పొట్టులోకి వత్తి సరిగా లాగదు. డబ్బాలో 0.3 ఈసీ మించనివ్వకండి.

ఉద్యాన నిపుణుడు: తిరిగొచ్చాక వత్తి తీసేసి, పైనుంచి 0.5 ఈసీ ద్రవం అర లీటరు పోసి కారనివ్వండి. ఆ పది రోజులూ నీళ్లు కిందినుంచే పైకి పాకాయి కాబట్టి ఉప్పు పైపొరలో చేరి ఉంటుంది.