క్రియకు ముందు నిలబడే కాలం: యురోక్ భాషలో ‘కీ’

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో కాలిఫోర్నియా వాయవ్య మూలన, క్లమత్ నది పసిఫిక్‌లో కలిసే ప్రాంతం యురోక్ ప్రజలది. జరగబోయే పనిని వాళ్ల భాషలో ఎలా చెబుతారో ఇవాళ చూద్దాం.

తెలుగు క్రియకు చివర బరువెక్కువ. ‘తిన్నాను’ అనగానే తిన్నది ఎవరో, ఎప్పుడో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. యురోక్ ఈ రెండు పనులనూ విడదీసింది. ఎవరన్నది క్రియ చివర ఉంటుంది. ఎప్పుడన్నది క్రియకు ముందు విడిమాటగా వస్తుంది.

‘నెపెక్’ అనే రూపం తీసుకోండి. తినడం దాని అర్థం. చివరి ‘క్’ వల్ల తినేది నేనని తెలుస్తుంది. ముందు ‘కీ’ చేరిస్తే, ‘కీ నెపెక్’, ఇక మీదట తింటాను. ‘హో’ చేరిస్తే, ‘హో నెపెక్’, తిన్నాను. క్రియ మాత్రం అక్షరమైనా మారలేదు. సాల్మన్ చేపను వాళ్లు ‘నెపుయ్’ అంటారు. ‘కీ నెపెక్ నెపుయ్’ అంటే సాల్మన్ తింటానని.

మనం ‘రోజూ తింటాను’, ‘రేపు తింటాను’ అని రెంటికీ ఒకటే రూపం వాడతాం. రోజూ, రేపు అనే మాటలే తేడా చెప్పాలి. అందుకని ‘తింటాను’ విన్నప్పుడల్లా యురోక్‌లో ‘కీ’ పెట్టేయకూడదు. అలవాటు చెబుతున్నారా, రాబోయే పని చెబుతున్నారా అని ముందు తేల్చుకోవాలి. అలాగే, ముందు ఏ మాటా లేని ఒట్టి క్రియ తనంతట తాను కాలాన్ని ఖాయం చేయదు. సందర్భాన్ని బట్టి గ్రహించాల్సిందే.

తెలుగువాళ్లు తప్పటడుగు వేసే వీలు ముఖ్యంగా రెండు చోట్ల ఉంది. మొదటిది, ‘కీ’ని ప్రత్యయంలా క్రియ వెనక తగిలించడం. రెండోది, ‘నెపెక్’ని ‘నెపెకు’ అని అచ్చుతో ముగించడం. ఆ ‘క్’ మన ‘క్’ కాదు కూడా: గొంతు బిగించి, చిన్న పగులుతో వదలాలి. ‘నేను’ అన్న సమాచారం దాని మీదే ఉంది కాబట్టి దాన్ని మింగేస్తే అర్థం చెడుతుంది. ‘కిచ్’ అని ఇంకో మాట ఉంది, అది కూడా క్రియకు ముందే వస్తుంది. పని అప్పటికే జరిగిపోయిందని చెబుతుంది. ‘కీ’కీ దీనికీ చెవి తికమక పడితే రాబోయేది కాస్తా అయిపోయినదవుతుంది.

ఈ భాష దూరపు చుట్టరికం కూడా ఆసక్తికరమే. యురోక్, దాని పొరుగు వియోట్, ఖండానికి అవతలి వైపు దాకా విస్తరించిన అల్గాంకియన్ భాషలతో ఒకే కుటుంబమని 1913లో భాషా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపిర్ అన్నప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1958లో మరో భాషా శాస్త్రవేత్త మేరీ హాస్ ఆ వివాదానికి ముగింపు పలికారు. ఆర్.హెచ్. రాబిన్స్ రాసిన యురోక్ వ్యాకరణం వెలువడిందీ ఆ ఏడాదే.

చిన్ననాటి నుంచీ ఈ భాష మాట్లాడిన చివరి వ్యక్తిగా పేరున్న ఆర్చీ థాంప్సన్ 2013లో కన్నుమూశారు. ఇప్పుడు బడుల్లో పిల్లలు దీన్ని రెండో భాషగా నేర్చుకుంటున్నారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉంది, పెద్దల గొంతుల రికార్డింగులతో సహా. మీరూ ప్రయత్నించాలనుకుంటే పట్టికలు బట్టీ పట్టకండి. ఒక్క క్రియ పట్టుకుని, ముందు ‘హో’తో, తర్వాత ‘కీ’తో పలకండి, మీ ‘క్’ని ఆ రికార్డింగులతో పోల్చి సరిదిద్దుకుని, అప్పుడు రెండో క్రియకు వెళ్లండి.