మూతకు గుచ్చి వదిలేసిన సూది

నర్సింగ్ ఫైనలియర్ పిల్లలందరికీ నమస్కారం.

పసిబిడ్డల ఐసీయూలో ఎన్నో ఏళ్లు పనిచేశాను. అందులో ఒక్క వారం గురించి ముందు చెబుతాను. నాలుగు రోజుల్లో ముగ్గురు బిడ్డలు ఒకేలా నీరసించిపోయారు. పాలు అరగడం లేదు, పొట్ట ఉబ్బింది, ఊపిరి ఆగి ఆగి ఆడుతోంది. ముగ్గురి రక్తంలోనూ క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన తల్లుల బిడ్డలు, కలిసింది మా గదిలోనే. సింకు, సక్షన్ జార్, ఆక్సిజన్‌కి తగిలించే నీళ్ల సీసా, అన్నిచోట్లా శాంపిళ్లు తీశారు. చివరికి ఆ క్రిమి దొరికింది ఒక సెలైన్ సీసాలో. క్యాన్యులాలు, అంటే నరంలో పెట్టే సన్న గొట్టాలు, మూసుకుపోకుండా ఫ్లష్ చేయడానికి అందరికీ ఆ ఒక్క సీసానే వాడుతున్నాం. ప్రతిసారీ గుచ్చే పని తప్పుతుందని రబ్బరు మూతకు ఒక సూది గుచ్చి అలాగే వదిలేశాం. క్రిములకు అదే దారైంది. ముగ్గురిలో ఒక బిడ్డ దక్కలేదు. ఆ వారం డ్యూటీ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

తల్లి ఒంట్లోని యాంటీబాడీలు బిడ్డకు ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. ఇరవై ఎనిమిది వారాలకే పుట్టిన బిడ్డకు ఆ సాయం సరిగా అందదు. చర్మం ఎంత పల్చనంటే, ప్లాస్టర్ తీసేటప్పుడు పైపొర కూడా లేచి వస్తుంది. అలాంటి ఒంటికి మనం క్యాన్యులా పెడతాం, బొడ్డులో లైన్ (మందులెక్కించే సన్న గొట్టం) పెడతాం, గొంతులో గొట్టం పెడతాం. బతికించడానికే పెడతాం. కానీ ప్రతిదీ ఒక దారి తెరుస్తుంది. అందుకే రోజూ రౌండ్స్‌లో ‘ఈ లైన్ ఇవాళ కూడా కావాలా’ అని డాక్టర్‌ని అడగండి. చిన్నవాళ్లం, మనం అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్ పడొద్దు.

ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 వరకు జరిగిన అధ్యయనం ఒకటి 2016లో అచ్చయింది. ఐసీయూలో చేరిన 13,530 మంది పసిబిడ్డల్లో నూటికి 14 మందికి సెప్సిస్, అంటే ఒళ్లంతా దెబ్బతీసే ఇన్‌ఫెక్షన్, వచ్చింది. అందరికన్నా ఎక్కువగా కనిపించిన క్రిమి అసినెటోబాక్టర్. దొరికిన అసినెటోబాక్టర్‌లో ప్రతి పదింటికి ఎనిమిది రకరకాల యాంటీబయాటిక్స్‌కి లొంగనివే. నన్ను కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. దాదాపు మూడింట రెండొంతుల కేసులు పుట్టిన మూడు రోజుల్లోపే వచ్చాయి. అంటే మన జాగ్రత్త ఐసీయూ తలుపు దగ్గర మొదలైతే చాలదు, కాన్పు గదిలోనే మొదలుకావాలి.

ఇక చేతుల సంగతి. హ్యాండ్ రబ్‌తో, అంటే చేతులకు రాసుకునే శానిటైజర్‌తో, రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఒక నర్సు చేతిలో పన్నెండు మంది బిడ్డలున్నారనుకోండి. షిఫ్టులో ఒక్కో బిడ్డను పదిసార్లు ముట్టుకుంటే 120 సార్లు. ముట్టుకునే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఇరవై సెకన్ల చొప్పున లెక్కేయండి. ఎనభై నిమిషాలు! ‘చేతులు కడుక్కోండి’ అని గోడకు పోస్టర్ అంటించే అధికారులు ఈ లెక్క కూడా వేయాలి. ఆ వారం మేం సూది గుచ్చి వదిలేసింది బద్ధకంతో కాదు, చేతులు చాలక. తప్పు తప్పే. కానీ పసిబిడ్డల వార్డులో మనుషుల్ని పెంచకుండా ఇన్‌ఫెక్షన్ తగ్గించమంటే తగ్గదు. హ్యాండ్ రబ్ కూడా గది చివర సింకు పక్కన కాకుండా బిడ్డను వెచ్చగా ఉంచే ప్రతి వార్మర్‌కీ తగిలించి ఉండాలి.

నేను కొత్తగా చేరినప్పటి డ్యూటీల్లో తల్లిని గాజు తలుపు బయటే ఆపేసేవాళ్లం, ఇన్‌ఫెక్షన్ తెస్తుందని. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వచ్చింది. 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి ఉంచారు. తల్లి మంచం ఐసీయూలోనే వేశారు. వెంటనే అలా ఉంచని బిడ్డల్లో నెలలోపు నూటికి దాదాపు పదహారు మంది పోతే, ఇలా ఉంచినవాళ్లలో పన్నెండు మంది. సెప్సిస్ కూడా తగ్గింది. తల్లి ఒంటి మీది క్రిములు బిడ్డకు అలవాటు కావలసినవి. మన సింకులో పెరిగేవి అలాంటివి కావు. పైగా తల్లి దగ్గరుంటే ముర్రుపాలు అందుతాయి, బిడ్డ మీద పడే చేతులూ తగ్గుతాయి.

‘పచ్చి బాలింత, ఏసీ గదిలోకి పంపం’ అని అత్తగారో అమ్మో అడ్డుపడతారు. వాళ్లతో వాదించకండి. చెవులకు గుడ్డ కట్టుకోనివ్వండి, సాక్సులు వేసుకోనివ్వండి, దుప్పటి ఇవ్వండి. బిడ్డను గుండె మీద పడుకోబెట్టి ఒకసారి ఆ పెద్దామెకు చూపించండి. ఆ తల్లికి చేతులు కడుక్కోవడం మనమే నేర్పాలి, ఓపిగ్గా, పక్కన నిలబడి.

మీలో కొత్తగా పెళ్లైనవాళ్లు ఉన్నారు. గాజులు తీయాలంటే మనసొప్పదని నాకు తెలుసు. కానీ గాజు కింద, ఉంగరం కింద హ్యాండ్ రబ్ చేరదు. డ్యూటీ దిగాక మళ్లీ వేసుకుందాం. ఇప్పుడు వాచీలు కూడా తీసి, చేతులు మోచేతుల పైకి మడిచి, నలుగురు నలుగురుగా ఈ టేబుల్ దగ్గరికి రండి. ముందు బొటనవేలు ఎలా రుద్దాలో చూపిస్తాను, ఎక్కువమంది వదిలేసేది దాన్నే.