కందకం లేని రాజభవనం: క్యోటో గోషో, దాని తోటలు

[దృశ్యం: పొడవాటి ప్రహరీ గోడ, పక్కనే సన్నటి నీటి కాలువ. గోడకు దూరంగా, కంకర దారిలో సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన.]

ఈ గోడ చూడండి. మట్టి గోడ, పైన పెంకులు. పక్కన కాలువ ఉంది కానీ కాస్త ఊపుగా అడుగేస్తే దాటేయొచ్చు. బురుజులు లేవు, ఫిరంగులు పెట్టే చోటు లేదు. లోపల ఉన్నది మాత్రం జపాన్ చక్రవర్తి ఇల్లు. పేరు క్యోటో గోషో. 1331లో ఈ స్థలం చక్రవర్తి నివాసమైంది. 1869లో టోక్యోకు తరలిపోయేదాకా అలాగే కొనసాగింది.

ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నిజో కోట ఉంది. 1603లో తొకుగవ ఇయెయాసు కట్టించాడు. ఆయన షోగన్, అంటే దేశాన్ని నిజంగా ఏలే సేనాధిపతి. దానికి రాతి గోడలు, లోతైన కందకం. సైన్యం, భూములు, పన్నులు అన్నీ షోగన్ చేతిలోనే. అయినా షోగన్ అనే పదవి ఇచ్చేది మాత్రం ఈ మట్టి గోడ వెనక ఉన్న చక్రవర్తే. ఆయుధం లేని ఇంటికి అంత విలువ ఎలా వచ్చింది? నాకు గోషోలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని నడుద్దాం.

[దృశ్యం: ఇమదెగవ స్టేషన్ మెట్లు. ఆ తర్వాత విశాలమైన పార్కు.]

సబ్‌వేలో ఇమదెగవ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే క్యోటో గ్యోఎన్ అనే పెద్ద పార్కు వస్తుంది. సుమారు 65 హెక్టార్లు. దాని మధ్యలో 11 హెక్టార్ల గోషో. దారులన్నీ మందంగా కంకర పోసి ఉంటాయి, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. ఆ కంకరలో ఒక సన్నటి గీత కనిపిస్తుంది. రోజూ సైకిళ్లు ఒకే వరసలో పోయి పోయి పడిన జాడ అది. స్థానికులు దానికి 'గోషో సన్నదారి' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

ఈ జాగా మొదటి నుంచీ ఖాళీ కాదు. ఒకప్పుడు ఇక్కడ రాజబంధువులవి, ఆస్థాన ప్రభువులవి సుమారు 200 ఇళ్లు ఉండేవి. చక్రవర్తి వెళ్లిపోగానే వాళ్లూ వెనకే వెళ్లారు. ఇళ్లు పాడుపడ్డాయి, కూల్చేశారు, చెట్లు నాటారు. మీరు నీడలో నడుస్తున్నది ఒక ఊరు ఉన్న చోట.

[దృశ్యం: సెయిషోమోన్ ద్వారం, క్యూలో సందర్శకులు.]

పడమటి వైపు సెయిషోమోన్ ద్వారం నుంచి లోపలికి పంపిస్తారు. టికెట్ లేదు, 2016 నుంచి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు. బ్యాగులు తనిఖీ చేస్తారు. మామూలుగా సోమవారం సెలవు, సంవత్సరం చివర కొన్ని రోజులు కూడా మూసేస్తారు. ఒక మాట ముందే చెప్పాలి: భవనాల లోపలికి వెళ్లనివ్వరు. అన్నీ బయటి నుంచే చూడాలి. ఇది తెలియక వచ్చి నిరాశపడేవాళ్లు ఉంటారు. కానీ ఈ ఇల్లు తన సంగతులన్నీ బయటే రాసి పెట్టుకుంది. చూపిస్తాను.

[దృశ్యం: గోడ మీది ఐదు తెల్ల గీతలు, దగ్గరగా.]

గోడ మీద అడ్డంగా ఐదు తెల్ల గీతలున్నాయి కదా? అవి అందానికి వేసినవి కావు. ఎన్ని గీతలుంటే అంత హోదా. ఐదుకు మించి లేదు.

[దృశ్యం: షోదైబు నో మా భవనం, మూడు గదులు.]

ఇది చక్రవర్తి దర్శనానికి వచ్చినవాళ్లు ఎదురుచూసే చోటు. మూడు గదులు. ఒకదాంట్లో పులి బొమ్మలు, ఒకదాంట్లో కొంగలు, ఇంకోదాంట్లో చెర్రీ పూలు. అన్నిటికంటే పెద్ద హోదా వాళ్లది పులి గది. పులి, కొంగ గదుల వాళ్లు రాజసంగా ఉన్న వాహన ద్వారం దగ్గర దిగి లోపలికి వస్తారు. చెర్రీ గది వాళ్లకు ఆ భాగ్యం లేదు. వాళ్లు ఈ పక్కనున్న రాతి మెట్టు దగ్గర చెప్పులు విప్పి ఎక్కాలి. గుమ్మం కూడా హోదాను బట్టే. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఏ దారిలో రావాలో నిర్ణయించే హక్కు ఈ ఇంటిది. బలమంతా అక్కడే ఉంది.

[దృశ్యం: ఎర్ర ద్వారం గుండా కనిపించే షిషిన్‌దెన్. ముందు తెల్లటి కంకర ముంగిలి.]

ఇక్కడ మాత్రం తొందరపడకండి. షిషిన్‌దెన్, పట్టాభిషేకాల మంటపం. తైషో చక్రవర్తికి 1915లో, షోవా చక్రవర్తికి 1928లో ఇక్కడే జరిగింది. లోపల 'తకమికుర' అనే సింహాసన మండపం ఉంది. సుమారు ఎనిమిది టన్నులు. 1990లోనూ 2019లోనూ పట్టాభిషేకం టోక్యోలో చేసినప్పుడు, దీన్ని విడి భాగాలుగా విప్పి అక్కడికి తీసుకెళ్లి, పనయ్యాక తిరిగి తెచ్చారు. చక్రవర్తి ఊరు మారినా సింహాసనం ఇల్లు మారలేదు.

మెట్లకు అటూ ఇటూ రెండు చెట్లున్నాయి. ఒకటి చెర్రీ, రెండోది నారింజ జాతికి చెందిన తచిబానా. చెర్రీని 'ఎడమ చెర్రీ' అంటారు. కానీ మనకు అది కుడివైపున కనిపిస్తుంది! ఎందుకంటే ఎడమ, కుడి అనేవి దక్షిణ ముఖంగా కూర్చున్న చక్రవర్తివి. ఇక్కడ దిక్కులు కూడా ఆయన కూర్చున్న చోటు నుంచే మొదలవుతాయి.

[దృశ్యం: పైకప్పు అంచు, దగ్గరగా. పొరలు పొరలుగా బెరడు.]

ఇప్పుడు పైకప్పు. పెంకు కాదు, రాగి రేకు కాదు. హినోకి అనే సైప్రస్ జాతి చెట్టు బెరడు. చెట్టును నరకరు. బతికున్న ముదురు చెట్టు మీద పైబెరడు ఒలుస్తారు, లోపలి పొరకు గాటు పడనివ్వరు. పదేళ్లలో మళ్లీ బెరడు కడుతుంది. కప్పేవాళ్లు వెదురు మేకులు నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి పొర మీద పొర కొడతారు. ముప్పై, నలభై ఏళ్లకోసారి అంతా మళ్లీ వేయాలి. మన కోస్తా ఊళ్లలో తాటాకు ఇల్లు కప్పించినవాళ్లకు ఈ కష్టం వేరే చెప్పక్కర్లేదు. 2020లో యునెస్కో జపాన్ చెక్క కట్టడాల పనితనాన్ని తన జాబితాలో చేర్చినప్పుడు ఈ బెరడు పని కూడా అందులో ఉంది.

చెక్క, బెరడు అంటే నిప్పుకు ఆహారమే. గోషో ఎన్నోసార్లు కాలిపోయింది. 1790లో తిరిగి కట్టినప్పుడు హెయాన్ కాలం (8 నుంచి 12వ శతాబ్దం) నాటి భవనాలు ఎలా ఉండేవో పాత రాతలు, బొమ్మలు వెతికి ఆ పద్ధతిలో కట్టారు. 1854లో అదీ కాలిపోతే, 1855లో మళ్లీ అదే నమూనాలో లేపారు. మనం చూస్తున్నవి చాలావరకు అవే.

[దృశ్యం: కోగోషో భవనం, ఎదురుగా చెరువు తోట.]

ఇది కోగోషో. 1868 జనవరి 3 రాత్రి ఇక్కడ ఒక సమావేశం జరిగింది. చివరి షోగన్ యొషినొబు తన ఆస్థాన పదవి, భూములు వదులుకోవాలని తేల్చింది ఆ రాత్రే. ఇన్ని వందల ఏళ్ల తర్వాత అధికారం ఈ బక్క గోడల మధ్యకు తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే చక్రవర్తి ఈ ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. నాకు ఇక్కడ నిలబడితే మనసు బరువెక్కుతుంది. ఆ భవనం కూడా 1954లో బాణసంచా నిప్పురవ్వ పడి కాలిపోయింది. ఇది 1958లో తిరిగి కట్టినది.

ఎదురుగా ఉన్నది ఓయికెనివా, అంటే చెరువు తోట. ఒడ్డంతా గుండ్రటి రాళ్లు పరిచి, నీళ్లలోకి మెల్లగా జారే సముద్రతీరంలా చేశారు. వంతెనలు, దీవులు, వంగిన పైన్ చెట్లు. ఒకేచోట నిలబడి చూడకండి. పది అడుగులు అటు నడిస్తే వంతెన చాటున ఉన్న దీవి బయటపడుతుంది.

[దృశ్యం: గోడ ఈశాన్య మూల. చూరు కింద వల వెనక చెక్క కోతి.]

బయటికొచ్చాక ఈశాన్య మూలకు తప్పకుండా వెళ్లండి. మనకు ఈశాన్యం దేవుడి మూల. బోరు వేసినా, పూజగది పెట్టినా అక్కడే. ఆ మూల తగ్గకూడదు అంటాం. జపాన్‌లో సరిగ్గా తలకిందులు! ఈశాన్యం దెయ్యాలు వచ్చే దారి. అందుకే గోడ మూలను లోపలికి కోసేశారు. మూలే లేకపోతే దెయ్యం ఎటు నుంచి వస్తుంది? చూరు కింద కాపలాకు ఒక చెక్క కోతిని కూర్చోబెట్టారు. రాత్రిళ్లు అది తిరిగి అల్లరి చేస్తోందని వల కట్టేశారట. గోడకు మరీ దగ్గరికి మాత్రం పోకండి, అలారం మోగుతుంది.

[దృశ్యం: సెంతో గోషో చెరువు, రాళ్ల ఒడ్డు.]

ఓపిక ఉంటే పక్కనే సెంతో గోషో. పదవి వదులుకున్న గొమిజునో చక్రవర్తి కోసం 1630లో కట్టారు. దీనికి మాత్రం అనుమతి తీసుకోవాలి, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. 1854 మంటల్లో ఇల్లు పోయింది, మళ్లీ కట్టలేదు. తోట మిగిలింది.

దక్షిణ చెరువు ఒడ్డున ఉన్న ఈ రాళ్లు సుమారు 1,11,000. అన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఒకే నునుపు. ఓడవారా ప్రభువు తన ప్రాంతం నుంచి పంపించాడు. ఏరి తెచ్చినవాళ్లకు రాయికి ఒక 'షో' బియ్యం, అంటే రెండు లీటర్లకు కాస్త తక్కువ, ఇచ్చాడని చెబుతారు. అందుకే వీటిని 'షో రాళ్లు' అంటారు. వంగి చూడండి. ఒక్కో రాయి వెనక ఎవరో ఒకరి ఇంట్లో ఉడికిన అన్నం ఉంది.

[దృశ్యం: నీళ్లు రాళ్లను తాకుతూ వెనక్కి పోతుంటాయి.]