డ్రైవర్‌ని అడిగే ముందు వైరుని అడగండి

(చెన్నై మాధవరంలో లారీ ఓనర్లు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి ఈ మాధవరంలో, మణలిలో, రెడ్‌హిల్స్‌లో బండ్లనే నమ్ముకుని బతుకుతున్న మనవాళ్లు ఇంతమంది ఒకచోట కనబడితే కడుపు నిండినట్టుంది. ఓనర్లు ముందు వరసలో కూర్చున్నారు, డ్రైవర్లు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. అన్నా, మీరూ ముందుకు రండి. ఇవాళ మాట్లాడేది ఎక్కువగా మీ గురించే, బండి ఎక్కడుందో ఓనరుకి చూపించే జీపీఎస్ డబ్బా గురించే.

ఆ డబ్బాలు బాగుచేసేవాణ్ని కదా, పోయిన ఎండాకాలం ఒక ఓనరు నాకు ఫోన్ చేశాడు. "రాత్రి తొమ్మిదింటికి నాయుడుపేట దగ్గర హోటల్లో బండి ఆపుతాడు. ఒంటిగంటన్నరకి మ్యాపులో మాయం. తెల్లారి అయిదింటికి మళ్లీ అక్కడే కనబడుతుంది. జీపీఎస్ డబ్బా పీకేసి డీజిల్ తీస్తున్నాడు, నువ్వొచ్చి తేల్చు" అన్నాడు. అప్పటికే రెండు ట్రిప్పుల బత్తా కోసేశాడు. డ్రైవరు యాభైకి దగ్గర పడ్డ మనిషి. "ఆ డబ్బా ఎక్కడుందో కూడా నాకు తెలీదు సార్" అంటూ నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నేను బండి దగ్గరికి వెళ్లకముందు కంప్యూటర్లో రెండు గ్రాఫు గీతలు చూశాను. మన డబ్బాలు రెండు ఓల్టేజీలు పంపుతాయి. ఒకటి లారీ బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ సప్లై, రెండోది డబ్బా లోపల ఉండే చిన్న లిథియం బ్యాటరీది. ఈ ట్రాకింగ్ డబ్బాలకి మన దేశంలో ఉన్న ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం పంపే డేటాలో ఈ రెండూ విడివిడిగా ఉండాలి, మెయిన్ పోయినా లోపలి బ్యాటరీ కనీసం 4 గంటలు లాగాలి. ఓనర్లు చాలామంది మ్యాపు ఒక్కటే చూస్తారు, ఈ గీతల జోలికి పోరు. నిజం ఉండేది అక్కడే.

ఆ రోజు గీతల్లో కనబడింది ఇది. రాత్రి 9 గంటలకి కీ ఆఫ్ చేసిన నిమిషంలోనే మెయిన్ 27 ఓల్టుల నుంచి సున్నాకి పడింది. లోపలి బ్యాటరీ 4.1 దగ్గర మొదలై మెల్లగా దిగుతూ, ఒంటిగంటన్నరకి 3.4కి వచ్చి ఆగిపోయింది. పొద్దున ఇంజన్ స్టార్ట్ కాగానే రెండూ లేచాయి. ముందురోజూ అంతే, ఆ ముందురోజూ అంతే. ఎవరైనా వైరు పీకితే డబ్బా వెంటనే మాయం కాదండీ. లోపలి బ్యాటరీ మీద నడుస్తూ, మెయిన్ పోయిందని గంటల తరబడి అరుస్తూనే ఉంటుంది. పైగా దొంగతనం చేసేవాడు ప్రతి రాత్రీ సరిగ్గా కీ తిప్పిన నిమిషానికే వైరు పీకుతాడా?

డ్యాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి చూస్తే తెలిసింది. నల్ల టేపు ఎండకి కరిగి జిగురు కారుతోంది. అది విప్పితే, ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన ఎర్ర వైరునీ, కీ వేశారో లేదో డబ్బాకి చెప్పే ఇగ్నిషన్ వైరునీ కలిపి మెలిపెట్టి ఒకే కీ లైనుకి చుట్టేశారు. బిగించినవాడికి అరగంట పని కలిసొచ్చింది. కీ తీసిన ప్రతిసారీ డబ్బాకి అన్నం ఆగిపోయింది. ఎర్ర వైరుని నేరుగా బ్యాటరీ ప్లస్‌కి తీసుకెళ్లి, బ్యాటరీకి దగ్గరగా 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. రోజూ అడుగంటా ఖాళీ అవుతూ వచ్చిన లోపలి బ్యాటరీ కూడా నీరసించిపోయింది, మార్చాను. బత్తా తిరిగి ఇచ్చేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.

ఇదే గీత ఇంకో కారణంతోనూ వస్తుంది. రాత్రి లారీ బ్యాటరీ దిగిపోకూడదని, కరెంటు మొత్తం ఆపేసే కటాఫ్ స్విచ్ తిప్పమని ఓనరే చెబుతాడు, డబ్బా వైరు ఆ స్విచ్ తర్వాత కలిపి ఉంటుంది. చెప్పింది చేసినందుకు డ్రైవరు దొంగ అవుతాడు. కాబట్టి ముందు ఆ స్విచ్ సంగతి అడగండి.

ఇక మీటరు. ఇంజన్ నడుస్తుంటే మన 24 ఓల్టుల లారీలో 27.5 నుంచి 28.5 దాకా రావాలి. ఆపి కొన్ని గంటలయ్యాక, ఫుల్ ఛార్జిలో ఉంటే 25.4 దాపుల్లో నిలవాలి. డబ్బా 13, 14 చూపిస్తోందంటే రెండు బ్యాటరీల్లో ఒకదాని మీదనుంచే వైరు లాగారని అర్థం. వెంటనే మార్చండి, లేకపోతే ఒకటి ఛార్జి లేక నీరసిస్తుంది, రెండోది ఓవర్‌ఛార్జి అవుతుంది. ఎర్త్, అంటే నల్ల వైరు బండి బాడీకి కలిసే చోటు, బాగుందో లేదో చూడ్డానికి లైట్లు, బ్లోయరు అన్నీ వేసి, మీటరు ఒక కొస లారీ బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస డబ్బా నల్ల వైరు మీద పెట్టండి. 0.2 ఓల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. రంగు మీదే బోల్టు బిగించి ఉంటారు, గీకి బిగించండి.

లోపలి బ్యాటరీ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. మీటరు పెడితే 3.8 చూపిస్తుంది. "బాగానే ఉంది" అని మూసేస్తారు. అది ఊరికే కూర్చున్నప్పటి ఓల్టేజీ. డబ్బా 2జీ మీద సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాతబడ్డ బ్యాటరీ లోపలి నిరోధం 0.4 ఓమ్ అయిందనుకోండి, ఆ క్షణంలో 0.8 ఓల్టు పడిపోయి 3.0కి దిగుతుంది. డబ్బా ఆగి మళ్లీ మొదలవుతుంది. మీటరు చూసేలోగా ఆ కుదుపు అయిపోతుంది. అందుకే నేను జేబులో 4.7 ఓమ్, 5 వాట్ల సిమెంటు రెసిస్టరు పెట్టుకు తిరుగుతాను. బ్యాటరీకి రెండు మూడు సెకన్లు తగిలించి మీటరు చూస్తాను. 3.8 నుంచి 3.7 దగ్గర నిలబడితే మంచిది. 3.5కి జారితే దాని పని అయిపోయినట్టే.

మన రోహిణి కార్తె గురించి కూడా చెప్పాలి. రోళ్లు పగిలే ఎండలో అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద అతికించిన డబ్బా ఎంత కాగుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చెయ్యకూడదు. మంచి డబ్బాల్లో వేడి కొలిచే సెన్సరు ఉండి ఛార్జింగు ఆపేస్తుంది. మధ్యాహ్నమంతా బండి నడుస్తున్నా, మెయిన్ 28 ఉన్నా, లోపలి ఓల్టేజీ 3.6 దగ్గరే పడి ఉంటుంది. ఇలాంటి బండికి నేను రెండు కొత్త బ్యాటరీలు వేశాను, రెండుసార్లూ లోపలి బ్యాటరీ తక్కువగా ఉందనే అలర్టు వచ్చింది. మూడోసారి గీత చూస్తే రాత్రి పది దాటాక ఛార్జి మామూలుగా ఎక్కుతోంది. డబ్బాని తీసి కాలి దగ్గర ప్యానెల్ వెనక్కి మార్చాను, అంతటితో ఆగిపోయింది. ఆ ఓనరుకి రెండు బ్యాటరీల డబ్బులు నేనే వదులుకున్నాను, అది న్యాయం.

డబ్బా మూత ఉబ్బినట్టు కనబడితే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. లోపల బ్యాటరీ సంచి (పౌచ్) ఉబ్బింది. స్క్రూడ్రైవరుతో పొడవకండి, నొక్కి మూత వెయ్యకండి, మంట లేస్తుంది. కనెక్టరు మెల్లగా ఊడదీసి, ఇసుక పోసిన డబ్బాలో విడిగా పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగు వాళ్లకివ్వండి. 2022 నుంచి దీనికి వేరే రూల్సే ఉన్నాయి, చెత్తకుప్పలో వేసేది కాదు.

ఇక్కడ బల్ల మీద మూడు డబ్బాలు పెట్టాను. ఒకదాని ఎర్ర వైరు కీ లైనుకి ఉంది, ఒకదానిలో నీరసపడ్డ బ్యాటరీ ఉంది, మూడోదానికి ఏ జబ్బూ లేదు. ఏది ఏదో నేను చెప్పను. మీటర్లు నాలుగున్నాయి. ఓనర్లు కాసేపు ఆగండి, ముందు డ్రైవర్లు పట్టుకోనివ్వండి. రండన్నా, నల్ల కొస ఎడం చేత్తో, ఎర్రది కుడి చేత్తో.