హరికేన్ వస్తోందన్నా ఇల్లు ఎందుకు వదలరు?

అందరికీ నమస్కారం. జూన్ 1న హరికేన్ సీజన్ మొదలవుతుంది, నవంబర్ 30 దాకా నడుస్తుంది. ఈలోపే మన హ్యూస్టన్ తెలుగు కుటుంబాలతో ఒకసారి మాట్లాడమని సంఘం పెద్దలు అడగ్గానే సరేనన్నాను.

తుఫాను ఎటు వస్తుందో చెప్పడం నా పని కాదు. దానికి మయామీలో జాతీయ హరికేన్ కేంద్రం ఉంది. తుఫాను వస్తోందని తెలిశాక తీరంలో ఉన్న కుటుంబం వెళ్తుందా, ఉండిపోతుందా, ఆ నిర్ణయం ఇంట్లో ఎలా జరుగుతుంది? ఇన్నేళ్ళుగా నేను పట్టుకు తిరుగుతున్న ప్రశ్న అది. నాకు ఆ ప్రశ్న అంటుకున్నది మన దగ్గర్లోని గాల్వెస్టన్ ద్వీపంలో, ఒక పెద్దావిడ ఇంట్లో.

2008 సెప్టెంబర్ 13న ఐక్ అనే హరికేన్ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. గాలి వేగాన్ని బట్టి వేసే అయిదు కేటగిరీల్లో అది రెండోదే. కానీ తుఫాను చాలా వెడల్పుగా ఉంది. అది నెట్టుకొచ్చిన ఉప్పెన పక్కనున్న బొలివర్ ద్వీపకల్పం మీద 15 నుంచి 20 అడుగుల ఎత్తున లేచింది. ఒకటి రెండంతస్తుల ఇళ్ళలో ఉండిపోయేవాళ్ళకు చావు తప్పదని వాతావరణ శాఖ ముందే హెచ్చరికలో రాసింది. అంత సూటిగా రాయడం అరుదు. అయినా వేలమంది గాల్వెస్టన్ ద్వీపంలోనే ఉండిపోయారు.

ఆ తర్వాత కొన్ని నెలలకి, చదువుకుంటున్న రోజుల్లో, నేను సర్వే ఫారాలు పట్టుకుని అక్కడ ఇల్లిల్లూ తిరిగాను. ఈ పెద్దావిడ ఇంట్లో కింది గది గోడ మీద నా నడుమెత్తున గోధుమరంగు చార ఉంది. నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఆగాయి. ఆ రాత్రి ఆవిడా, ఆక్సిజన్ మీద ఉన్న భర్తా మేడ మీద గడిపారు. కొడుకునీ కోడలినీ పిల్లలనీ ముందురోజే ఆస్టిన్ పంపించేశారట.

నా ఫారంలో ప్రశ్న: మీ కుటుంబం ఇల్లు ఖాళీ చేసిందా? అవును, కాదు. ఏది టిక్ పెట్టాలో నాకు తెలియలేదు. తర్వాతి ప్రశ్న, ఎందుకు వెళ్ళలేదు? ప్రమాదం అనిపించలేదు, ఆదేశం వినలేదు, డబ్బు లేదు, ఇతరం. ఆవిడకి ప్రమాదం తెలుసు. ఆదేశం విన్నారు. డబ్బుకి మరీ ఇబ్బందేమీ లేదు. మరి ఎందుకు వెళ్ళలేదమ్మా అంటే, లేచి మేడ మీదకి వెళ్ళి ఒక కవరు తెచ్చారు. అందులో 2005 నాటి మోటెల్ బిల్లు ఉంది.

ఆ ఏడాది వచ్చిన రీటా హరికేన్ సంగతి మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కత్రీనా వచ్చి నాలుగు వారాలు కూడా కాలేదు, టీవీలో చూసిన, మునిగిపోయిన న్యూ ఓర్లీన్స్ ఇంకా కళ్ళముందే ఉంది. ఆ భయంతో హ్యూస్టన్, గాల్వెస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షలమందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. వాళ్ళలో చాలామంది అసలు వెళ్ళాల్సిన ప్రాంతాలవాళ్ళు కారు. ఇలా బయల్దేరడాన్ని మా రంగంలో నీడ తరలింపు అంటాం. ఫ్రీవేలు మైళ్ళకొద్దీ నిలిచిపోయాయి, పెట్రోలు అయిపోయి కార్లు రోడ్డు పక్కన ఆగిపోయాయి, ఎండ మండిపోతోంది. చివరికి రీటా దారి మళ్ళి లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. దానికి ముడిపడి టెక్సస్‌లో వందకు పైగా మరణాలు లెక్క తేలాయి. వాటిలో ఎక్కువ ఆ తరలింపులో జరిగినవే.

పెద్దావిడా, భర్తా ఆ రోడ్డు మీద 19 గంటలున్నారు, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు తగ్గుతుంటే చూసుకుంటూ. మోటెల్ చేరి టీవీ పెడితే మొదట కనపడింది డాలస్ దగ్గర తగలబడుతున్న బస్సు. వృద్ధాశ్రమం నుంచి తీసుకెళ్తున్న 23 మంది అందులో చనిపోయారు. చక్రం బేరింగ్ దగ్గర పుట్టిన మంటకి బస్సులోని ఆక్సిజన్ సిలిండర్లు తోడయ్యాయి. "నా భర్త పక్కనే కూర్చుని అది చూశాడు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ కారెక్కమంటే ఎక్కుతాడా?" అన్నారావిడ.

నేను "ఇతరం" దగ్గర టిక్ పెట్టాను. పక్కన రాయడానికి అంగుళం చోటుంది. అందులో ఏం పడుతుంది?

తరలింపు మీద పరిశోధన అరవై ఏళ్ళ పైబడిన వ్యవహారం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన ఎర్ల్ బేకర్ 1961 నుంచి 1989 దాకా వచ్చిన 12 హరికేన్ల సర్వేలను ఒకచోట చేర్చి, 1991లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళంతా ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. వయసు, చదువు, ఆదాయం చూసి ఎవరు వెళ్తారో చెప్పేయొచ్చని చాలామంది అనుకుంటారు. బేకర్ చూసిన సర్వేల్లో అంతకన్నా బలంగా నిలిచినవి వేరు. ఇల్లు ఎంత పల్లంలో ఉంది, ఎలాంటి ఇల్లు, అధికారులు ఏం చెప్పారు, ఆ మాట మనకేనని మనకి అర్థమైందా. టీవీలో విన్నదానికన్నా అధికారులు తలుపు తట్టి చెప్పిన మాటకి జనం ఎక్కువగా కదిలారు.

తలుపు తట్టినంతమాత్రాన కూడా వెంటనే లేచి వెళ్ళరు. మైకేల్ లిండెల్, రొనాల్డ్ పెర్రీ అనే పరిశోధకులు ఈ నిర్ణయ ప్రక్రియకి ఒక నమూనా తయారుచేశారు. హెచ్చరిక వినగానే మనిషి చేసే మొదటి పని ఇంకొకరిని అడగడం. పక్కింటి వాళ్ళు ఏం చేస్తున్నారు? అన్నయ్య ఏమంటున్నాడు? మన ఇళ్ళల్లో అయితే ఒక ఫోను ఫ్రెండ్‌కి, ఒక ఫోను ఇండియాకి, ఈలోగా వాట్సాప్ గ్రూపులో నలభై మెసేజులు. ఇది కాలయాపనలా కనిపిస్తుంది కానీ, నిర్ణయం జరిగేది అక్కడే. ఆ మాటల్లో ఒక్కరు "మేం సర్దుకుంటున్నాం" అంటే ఇంకో ఇంట్లో సూట్‌కేసు బయటికొస్తుంది.

ఒకసారి ఆదేశమిచ్చి తుఫాను రాకపోతే జనం మళ్ళీ నమ్మరని అధికారులకి పెద్ద టెన్షన్. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే కదా. 1996లో కరొలైనా తీరానికి బెర్తా, ఫ్రాన్ అనే హరికేన్లు రెండు నెలల తేడాలో వచ్చాయి. కర్‌స్టిన్ డౌ, సూసన్ కట్టర్ అనే పరిశోధకులు అక్కడి వాళ్ళని అడిగి చూశారు. మొదటి అనుభవం రెండోసారి నిర్ణయాన్ని అధికారులు భయపడినంతగా చెడగొట్టలేదని తేలింది. నాకు నమ్మబుద్ధేసే మాటే ఇది. గాల్వెస్టన్ పెద్దావిడ కూడా వాతావరణ శాఖ అబద్ధం చెప్పిందని ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ భయం రోడ్డుని చూసి.

అంతకన్నా నన్ను కలతపెట్టేది తప్పించుకున్న అనుభవం. 1969లో మిసిసిపీ తీరాన్ని కమీల్ అనే అయిదో కేటగిరీ హరికేన్ చావగొట్టింది. అప్పుడు నీళ్ళు రాని ఇళ్ళవాళ్ళు దాన్నే కొలబద్ద చేసుకున్నారు. 2005లో కత్రీనా తీరం చేరేసరికి మూడో కేటగిరీకి తగ్గింది. "కమీల్‌కే రాలేదు, దీనికేం వస్తుంది" అని ఉండిపోయారు. వచ్చింది 28 అడుగుల దాకా. 1969లో కన్నా 2005లోనే కమీల్ ఎక్కువమందిని చంపిందని ఇప్పటికీ ఆ తీరంలో చెప్పుకుంటారు.

ఇక్కడే మా పరిశోధనలో పెద్ద లోటు. మేం అడిగేది బతికున్నవాళ్ళని. కమీల్‌ని నమ్ముకుని కత్రీనాలో పోయినవాళ్ళ తలుపు తట్టలేం. బతికినవాళ్ళూ జరిగింది తెలిశాక చెప్తారు. ఇల్లు మునిగినవాళ్ళు "ముందే అనుకున్నాం" అంటారు, మునగనివాళ్ళు "మాకు తెలుసు రాదని" అంటారు. అబద్ధమాడరు, జ్ఞాపకం అలా సర్దుకుంటుంది. పోనీ తుఫానుకి ముందే అడిగితే, వెళ్తామన్న వాళ్ళలో కొందరు తీరా వచ్చేసరికి వెళ్ళరు.

2022లో ఇయన్ హరికేన్ ముందు కొన్ని రోజులు అందరి చూపూ ఫ్లోరిడాలోని టాంపా మీదే. పటంలో తెల్లటి గరాటులాంటి బొమ్మ వేస్తారు, చూసే ఉంటారు. తుఫాను నడిబొడ్డు మూడింట రెండు వంతులసార్లు ఎంత మేర లోపల ఉంటుందో చెప్పే బొమ్మ అది. గీత అవతల మనకేం కాదని దానికి అర్థం లేదు. కానీ మనం మధ్యగీత చూసి ఊపిరి పీల్చుకుంటాం. దక్షిణాన లీ కౌంటీ ఆ గరాటు అంచున ఉంది. తప్పనిసరి ఆదేశం అక్కడ సెప్టెంబర్ 27 ఉదయం గానీ రాలేదు. 28 మధ్యాహ్నం ఇయన్ అక్కడే తీరం దాటింది. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంటికి ఒక్కరోజు చాలా తక్కువ.

ఇక మన సంగతి. 2017లో హార్వీ వస్తోందన్నప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది. అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి. మేమందరం గాలి వేగం ఎన్ని మైళ్ళని ఫోన్లు చూసుకుంటుంటే అమ్మ ఒకటే అడిగింది, "మనిల్లున్న చోటికి నీళ్ళెంత వస్తయిరా?" ఇన్నేళ్ళు ఇదే పని చేస్తున్నా, మా ఇంటికి సంబంధించి ఆ జవాబు నా దగ్గర లేదు. తుఫాను మనుషుల్ని ఎక్కువగా చంపేది నీటితోనే. గాలికైతే దాక్కో, నీటికైతే పారిపో అని ఇక్కడి అధికారులు చెప్పేది అందుకే. తరలింపు జోన్లు గీసేదీ ఉప్పెన నీటిని బట్టే.

మన ప్రాంతంలో ఆ జోన్లు జిప్ కోడ్ ప్రకారం ఉంటాయి. కోస్టల్, ఏ, బీ, సీ. ఇవాళ ఇంటికెళ్ళగానే మీ జిప్ కోడ్ అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఉప్పెన కోసం మీరు రోడ్డెక్కనక్కర్లేదు. మీరు ఎక్కకపోతే గాల్వెస్టన్ నుంచి వచ్చేవాళ్ళకి దారి దొరుకుతుంది. వాన వరద లెక్క మాత్రం వేరు, హార్వీలో మునిగిన ఇళ్ళు చాలావరకు ఏ జోన్‌లోనూ లేనివే.

జోన్‌లో ఉంటే, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏ ఊరు వెళ్తారు, ఎవరింట్లో దిగుతారు, అమ్మానాన్నల మందులు ఎన్ని రోజులకున్నాయి, ఆఫీసులో సెలవు ఎవరిని అడగాలి. కారు లేని విద్యార్థులు మీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు, మీ కారులో ఎన్ని సీట్లు ఖాళీ. డయాలిసిస్, ఆక్సిజన్, నడవలేని పెద్దవాళ్ళు ఉంటే 211కి ఫోన్ చేసి, తరలింపులో సాయం కావాల్సినవాళ్ళ రాష్ట్ర రిజిస్ట్రీలో పేరు రాయించండి. వాళ్ళ తరఫున మీరే చేయొచ్చు, ఏటా మళ్ళీ చేయాలి. పేరు రాయించినంతమాత్రాన వాహనం తప్పకుండా వస్తుందని హామీ లేదు, కాబట్టి రెండో దారి కూడా ఆలోచించి పెట్టుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే, వాళ్ళకి కూడా తెలుగులో ఇదంతా ముందే చెప్పండి. పోయినసారి మా ఇంట్లో ఆ పని అమ్మ అడిగిందాకా జరగలేదు.

జోన్ల మ్యాపు ప్రింట్లు తలుపు దగ్గర టేబుల్ మీద పెట్టాను. మీ వీధి దొరక్కపోతే నా దగ్గరికి రండి, కలిసి వెతుకుదాం.