విత్తనానికి ముందు గాజు పాత్ర: ఆకుకూరల్లో టిష్యూ కల్చర్

అందరికీ నమస్కారం.

ప్రయోగశాలలో టిష్యూ కల్చర్ పద్ధతిలో, అంటే మొక్క చిన్న ముక్కను లేదా కణాలను పాత్రలో పెంచి పూర్తి మొక్కగా ఎదిగించే పద్ధతిలో, ఆకుకూర మొక్కల పెంపకం గురించి మాట్లాడమన్నారు. సీసాల్లో పాలకూర పెంచి కట్టలు కట్టే రోజులు వచ్చేశాయని ఎవరైనా అనుకుని వచ్చి ఉంటే, ఆ ఆశ మీద మొదటే నీళ్లు చల్లాలి. పాలకూర, తోటకూర, లెట్యూస్ విత్తనాలు చౌక. చల్లితే రోజుల్లో మొలుస్తాయి, వారాల్లో కోతకు వస్తాయి. అలాంటి పంటలో ఒక్కో మొక్కనూ ఫోర్సెప్స్‌తో పట్టుకుని పాత్రలు మారుస్తూ పెంచడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అరటి సంగతి వేరు. తినే అరటిలో మొలిచే విత్తనం ఉండదు కాబట్టి అక్కడ ఈ శ్రమకు ఫలితం దక్కుతుంది.

అయితే ఆకుకూరల్లో ఈ విద్య వృథాయేమీ కాదు. దాని అవసరం రైతుకన్నా ముందు విత్తనం తయారుచేసేవారికి ఉంది. ఎలాగో చెప్పాలంటే పని జరిగే తీరు కొంత తెలియాలి.

ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హేబర్‌లాండ్ 1902లో ఒక సాహసమైన ఊహ చేశారు. ఆకులోని ఒంటరి కణానికి కూడా పూర్తి మొక్కగా ఎదిగే శక్తి ఉండాలన్నారు. కణాలను వేరుచేసి పోషక ద్రవంలో ఉంచారు. అవి కొంతకాలం బతికాయి గానీ విభజన చెందలేదు. ఊహ సరైనదే, కానీ కణాన్ని కదిలించే హార్మోన్లు ఆయన చేతిలో లేవు. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంతో ఆ చిక్కుముడి విప్పారు. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్లలో ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చివుళ్లు, రెండూ సమంగా ఉంటే కాలస్ అనే ఆకారం లేని కణాల ముద్ద వస్తుందని చూపించారు. 1962లో మురాషిగే, స్కూగ్ రూపొందించిన మాధ్యమం, అంటే కణజాలానికి ఆహారమిచ్చే పోషక మిశ్రమం, కూడా పొగాకు కోసమే. నేటికీ ఆకుకూరల పని చాలావరకు దానితోనే మొదలవుతుంది.

మొలకల బీజదళాలను, అంటే విత్తనం నుంచి వచ్చే తొలి ఆకులను, ముక్కలుగా కోసి ఆ మాధ్యమం మీద పెడతాం. అందులో ఖనిజ లవణాలు, విటమిన్లతో పాటు లీటరుకు సాధారణంగా 30 గ్రాముల చక్కెర, గట్టిపడటానికి అగర్ ఉంటాయి. చక్కెర ఎందుకంటే, కోసిన ముక్క తనకు కావలసిన ఆహారాన్ని తానే సరిపడా తయారుచేసుకోలేదు. ఈ విందుకు పిలవకుండా వచ్చే అతిథులు బూజు, బ్యాక్టీరియా. అందుకే మాధ్యమాన్ని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి పాత్రలో, 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. విత్తనాలను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో శుభ్రపరిచి, సూక్ష్మజీవులు లేని నీటితో కడగాలి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారు హార్మోన్ల పట్టికలు కంఠస్థం చేస్తారు గానీ, వారి పాత్రలను ఎక్కువగా పాడుచేసేది బూజే.

అన్ని ఆకుకూరలూ ఒకేలా మాట వినవు. లెట్యూస్ బీజదళాల నుంచి చివుళ్లు తేలికగానే వస్తాయి. క్యాబేజీ కుటుంబంలో మూసిన పాత్రలో పేరుకునే ఇథిలీన్ వాయువు చివుళ్లను అణచివేస్తుంది. మాధ్యమంలో కొద్దిగా సిల్వర్ నైట్రేట్ కలిపితే ఇథిలీన్ ప్రభావం తగ్గి చివుళ్లు పుడతాయి. పాలకూర మొండిది. ఒక రకానికి కుదిరిన కొలత పక్క రకానికి కుదరదు. పైగా అందులో ఆడ, మగ మొక్కలు వేరువేరు.

చివుళ్లు వేర్లు వేసినా పని పూర్తయినట్టు కాదు. తేమతో నిండిన పాత్రలో పెరిగిన ఆకుకు పైన మైనపు పొర పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలకు మూసుకోవడం సరిగా రాదు. నేరుగా బయట పెడితే వాడిపోతుంది. తేమను రోజురోజుకూ తగ్గిస్తూ అలవాటు చేయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంకర విత్తనానికి, అంటే రెండు వేరువేరు వంశాలను కలిపి తీసే విత్తనానికి, ఆ రెండూ స్వచ్ఛమైన వంశాలు కావాలి. క్యాబేజీలో వాటిని సాధించడం పెద్ద పరీక్ష. అది చలి తగిలితే తప్ప పూయదు. పూసినా సాధారణంగా తన పుప్పొడిని తానే తిరస్కరిస్తుంది. తరం తర్వాత తరం స్వపరాగ సంపర్కం చేయిస్తూ పోతే ఏళ్లు గడిచిపోతాయి. ప్రయోగశాలలో దీనికి దగ్గర దారి ఉంది. చిన్న మొగ్గల నుంచి ఇంకా ముదరని పుప్పొడి కణాలను తీసి, చక్కెర బాగా ఎక్కువగా ఉన్న ద్రవంలో వేసి, ఒకటి రెండు రోజులు 32 డిగ్రీల వేడి తగిలిస్తే, వాటిలో కొన్ని పుప్పొడిగా మారే దారి వదిలి పిండాలుగా ఎదుగుతాయి. క్యాబేజీ కణంలో 18 క్రోమోజోములుంటే వీటిలో 9 మాత్రమే. కొన్నిటిలో ఆ సంఖ్య తనంతట తానే రెట్టింపవుతుంది, మిగిలినవాటికి క్రోమోజోములను రెట్టింపు చేసే కొల్చిసిన్ అనే రసాయనం వాడతారు. రెట్టింపైన మొక్కలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులూ ఒకటే. తరాలు పట్టే స్వచ్ఛత ఒక్క అడుగులో వస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇదే.

మరో చిక్కు ఉంది. సంకర విత్తనం తీసేచోట తల్లి మొక్కకు పనికొచ్చే పుప్పొడి ఉండకూడదు, లేకపోతే సంకరం కాని విత్తనం కూడా కలిసిపోవచ్చు. 1968లో జపాన్‌లో ఒగురా అనే పరిశోధకుడు ముల్లంగిలో అలాంటి పురుష వంధ్యత్వాన్ని వెల్లడించారు. ఆ లక్షణం కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. సంకరాల ద్వారా దాన్ని క్యాబేజీ కుటుంబంలోకి తెచ్చారు. కానీ వెంట ఆకుకు పచ్చదనమిచ్చే ముల్లంగి హరితరేణువులు కూడా వచ్చాయి. అవి కొత్త కేంద్రకంతో పొసగక, చలిలో ఆకులు పాలిపోయాయి. కణకవచాలు తొలగించిన ప్రోటోప్లాస్టులను ఒకదానితో ఒకటి కలిపి పరిశోధకులు ఈ సమస్యను దాటారు. వంధ్యత్వాన్నిచ్చే మైటోకాండ్రియా భాగం నిలిచింది, హరితరేణువులు మాత్రం క్యాబేజీ కుటుంబానివి వచ్చాయి. పొలంలో దశాబ్దాలు శ్రమించినా మామూలు సంకరణంతో ఇది కష్టం, ఎందుకంటే ఈ మొక్కల్లో ఆ రెండూ తల్లి వైపు నుంచి జంటగానే వస్తాయి.

ఇలా కణాలను కలిపి పుట్టించిన రకాలను కొన్ని సేంద్రియ సాగు సంఘాలు అంగీకరించవు. వారి అభ్యంతరం నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. అయినా పండించేవారికి, తినేవారికి ఆ రకం ఎలా పుట్టిందో తెలుసుకునే హక్కుంది. విత్తన సంచి మీద ఆ ఒక్క వాక్యం అచ్చువేయడానికి విత్తన సంస్థలు వెనకాడటంలో మాత్రం నాకు న్యాయం కనిపించదు.

ప్రశ్నలుంటే అడగండి.